సూసన్నా వెస్లీ: ఇంటినే బడిగా, గుడిగా చేసిన తల్లి



మన అధ్యక్ష మండలము నూరేండ్లు నిండిన ఈ సంతోష సమయమున మిషనరీలను, బిషప్పులను, గురువులను మనము కృతజ్ఞతతో జ్ఞాపకము చేసికొనుచున్నాము. వారితోపాటు ఒక తల్లినికూడ తలంచుకొనుట తగునని భావించి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము. జాన్ వెస్లీ, చార్లెస్ వెస్లీగార్ల తల్లియైన సూసన్న ఏ దేశమునకును మిషనరీగా వెళ్లలేదు. ఆమె సేవయంతయు ఇంటిలోనే జరిగెను.

ఆమె 1669 జనవరి 20న లండనులో జన్మించెను. తండ్రి ఇంగ్లండు సంఘమునుండి వేరైన బోధకుడు. అయినను ఆమె పదమూడవ ఏటనే ఇరు పక్షముల వాదములను ఆలోచించి ఇంగ్లండు సంఘములో చేరెను. 1688లో శామ్యూల్ వెస్లీని వివాహమాడెను. ఆయన ఎప్‌వర్త్ అను పల్లెలో గురువు, పండితుడు, కవి, అప్పులు మాత్రము ఆయనను విడువలేదు. 1705లో అప్పు తీర్చలేక లింకన్ చెరసాలలో ఉండవలసి వచ్చెను. పుట్టిన 19 మంది బిడ్డలలో 10 మందియే బ్రదికిరి.

ఆలుమగల మధ్య భేదములు లేకపోలేదు. రాజైన విలియమ్ కొరకు భర్త చేసిన ప్రార్థనకు ఆమె ఆమేన్ చెప్పలేదు. ఆ రాజును ఆమె మనస్సాక్షి అంగీకరింపలేదు. 1702లో భర్త కోపించి ఇల్లు విడిచి వెళ్లెను. కొంతకాలమునకు తిరిగి వచ్చెను. 1703లో జాన్ పుట్టెను.

ఇక ఆమె బడి సంగతి. ఉదయము 9 నుండి 12 వరకు, మధ్యాహ్నము 2 నుండి 5 వరకు పాఠములు జరుగుచుండెను. అయిదేండ్లు నిండిన మరునాడే బిడ్డ చదువు మొదలు. ఒక్క దినములో అక్షరములన్నియు నేర్వవలెను. ఇద్దరు ఆడపిల్లలకు మాత్రము ఒకటిన్నర దినము పట్టెను. తరువాత ఆదికాండము మొదటి అధ్యాయమే వాచకము. ఆడపిల్ల చక్కగా చదువనేర్చువరకు ఆమె సూది చేతికియ్యలేదు. ఆడపిల్లకు చదువెందుకు అను మాట మన ఊళ్లలోను విన్నవారమే గనుక దీని విలువ మనకు తెలియును. పసివారికి బెత్తపు భయము నేర్పిన ఆమె పద్ధతిని మాత్రము మనము అనుసరింపనక్కరలేదు.

1709 ఫిబ్రవరిలో ఇల్లు కాలిపోయెను. అయిదేండ్ల జాన్‌ను మేడ కిటికీలోనుండి దించి కాపాడిరి. బిడ్డలు పలువురి ఇండ్లలో చెదరియుండి చెడు మాటలు, చెడు అలవాట్లు నేర్చుకొనిరి. క్రొత్త యిల్లు లేచిన తరువాత ఆమె విసుగక మొదటినుండి మరల దిద్దెను.

ఇక్కడ మన దేశముతో ఒక సంబంధము కలదు. 1706లో తమిళదేశపు తరంగంబాడికి వచ్చిన సీగెన్‌బాల్గ్, ప్లూట్షో అను మిషనరీల వృత్తాంతము ఆమె చేతికి చిక్కెను. అది చదివి ఆమె హృదయము మండెను. వారంతటి సేవ చేయలేకపోయినను నా యింటివారికైనను ఇంకను చేయవలెనని తలంచి, ఒక్కొక్క బిడ్డతో ఏకాంతముగా మాటలాడుటకు వారములో ఒక సాయంకాలము కేటాయించెను. జాన్‌కు గురువారము, చార్లెస్‌కు శనివారము. 1712లో భర్త లండనులో ఉండగా ఆదివారము సాయంత్రములు ఆమె ఇంటిలో చదువు ప్రసంగములు వినుటకు ఇరుగుపొరుగువారు సుమారు 200 మంది వరకు కూడిరి. మానుమని భర్త వ్రాసినప్పుడు, కోరిక కాదు, స్పష్టమైన ఆజ్ఞ ఇయ్యుడని, ఆ లెక్క దేవుని యెదుట మీరే అప్పగింపవలెనని జవాబు వ్రాసెను. ఆయన ఆజ్ఞ ఇయ్యలేదు.

అంత మంచి బడిలో చదివిన బిడ్డలందరు సుఖపడిరా? లేదు. చదువులో మేటియైన కుమార్తె హెట్టీ 1725లో దారి తప్పెను. తొందరగా ఒక సీసపు పనివానికిచ్చి పెండ్లి చేసిరి. ఆ కాపురము దుఃఖమయమాయెను. తండ్రి ఆమెను క్షమింపలేకపోయెను. 1726లో జాన్ పాపులయెడల చూపవలసిన ప్రేమనుగూర్చి ప్రసంగించి అక్క పక్షమున నిలిచెను. తల్లి నేర్పిన వాక్యము ఆ దినమున కుమారుని నోట పలికెనని మనము తలంచవచ్చును.

1742 జులై 23న లండనులో, బిడ్డలు చుట్టునుండగా, ఆమె ప్రభువునందు నిద్రించెను. తన ప్రాణము విడువబడగానే స్తుతికీర్తన పాడుడని ఆమె ముందే కోరియుండెను. వారట్లే పాడిరి.

ప్రియ తలిదండ్రులారా, నేడు మన బిడ్డలకు బడులు కలవు, ట్యూషన్లు కలవు. వారములో ఒక్క గంట ఒక్క బిడ్డతో కూర్చుండు తీరిక మనకు కలదా? తప్పిన బిడ్డ తిరిగి వచ్చినయెడల మన తలుపు తెరచియుండునా? రానున్న నూరేండ్ల సంఘము మన యిండ్లలోనే పెరుగుచున్నదని మరువకుందుము గాక.