దారిలో నిద్రపోయిన నాయకురాలు

అమెరికాలో బానిసలకు విముక్తి దారి చూపిన హారియెట్ టబ్‌మన్ పేరు మీరు వినే ఉంటారు. ఆమె తలగాయం సంగతి ఎందరికి తెలుసు?

సుమారు 1822లో మేరీలాండ్‌లో బానిసగా పుట్టింది. చిన్నతనంలో ఒకరోజు అంగడి దగ్గర, పారిపోతున్న బానిసపైకి అజమాయిషీదారు విసిరిన తూకపురాయి గురితప్పి ఆమె తలకు తగిలింది. దాదాపు కిలో బరువు! గాయం మానకముందే పొలానికి తరిమారు.

అది మొదలు జీవితాంతం తలనొప్పి, మగత. మాట్లాడుతూనే నిద్రలోకి జారిపోయేది, లేపినా లేచేది కాదు. ఇలాంటివారిని మనం సోమరులని ఎంత తేలికగా అనేస్తామో! యజమాని అమ్మజూపితే కొనేవారే లేకపోయారు.

1849లో ఫిలడెల్ఫియాకు తప్పించుకుంది. తర్వాత సుమారు 13 సార్లు వెనక్కి వెళ్లి 70 మంది దాకా విడిపించుకొచ్చింది. చాలావరకు రాత్రి ప్రయాణాలే. ఆ దారిలోనూ నిద్ర ముంచుకొచ్చేది. దారి తెలిసినది ఆమెకే మరి! ఆమె మేలుకునేదాకా వెంటవారు చీకట్లో కదలక మెదలక కూర్చునేవారు. ఒక్కరూ పట్టుబడలేదు.

గాయం ముసలితనంలోనూ వదలలేదు. నొప్పికి నిద్ర కరువై 1890ల చివర బోస్టన్‌లో తలకు శస్త్రచికిత్స చేయించుకుంది. పేద వృద్ధుల కోసం ఆబర్న్‌లో తాను పట్టుబట్టి పెట్టించిన ఆశ్రమంలోనే 1913 మార్చి 10న కన్నుమూసింది.