సూక్ష్మజీవులను కొలువు చేయించిన యల్లాప్రగడ

హైదరాబాదు పాతనగరమున చార్మినారు క్రింద నిలిచి తలయెత్తి చూచువారికి ఒక జనశ్రుతి వినబడుచుండును. నగరమును పీడించిన మహమ్మారి శాంతించిన సందర్భమున 1591లో మహమ్మదు కులీ కుతుబ్ షా ఈ కట్టడమును నిర్మించెనని చెప్పుదురు. ఇది చరిత్రయా, కథయా అను చర్చ అటుంచుదము. ఆ కాలమున మహమ్మారి వచ్చినచో దైవమును ప్రార్థించుట, ఊరు విడిచిపోవుట తప్ప ప్రజలకు గత్యంతరము లేదు. ప్లేగును కలిగించునది ఒక బాక్టీరియా అని అలెగ్జాండర్ యెర్సిన్ హాంగ్‌కాంగులో కనుగొన్నది 1894లో. ఆ మరుసటి సంవత్సరమే, 1895 జనవరి 12న, అట్టి బాక్టీరియాలను అణచు మందును లోకమునకు అందింపనున్న శిశువు భీమవరమున జన్మించెను. ఆయనయే యల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావుగారి విద్యార్థిదశ నల్లేరుపై బండి నడక కాదు. మెట్రిక్యులేషను పరీక్షను మూడవసారికి గాని దాటలేకపోయిరి. మద్రాసు వైద్యకళాశాలలో శస్త్రచికిత్స నేర్చునపుడు ఖద్దరు ధరించి ఆచార్యుని ఆగ్రహమునకు పాత్రులైరి. ఫలితముగా ఎం.బి.బి.ఎస్. బదులు తక్కువ స్థాయిదైన ఎల్.ఎం.ఎస్. పట్టమే దక్కెను. అంతకు మించిన దెబ్బ ఇంటిలో తగిలెను. సోదరులిద్దరు కొద్దిదినముల వ్యవధిలో స్ప్రూ అను గ్రహణీరోగమునకు బలియైరి. తిన్నది ఒంటబట్టక, రక్తము క్షీణించి, మనిషి ఎండిపోవు వ్యాధి యది. దానికి అప్పటి వైద్యశాస్త్రమున సరియైన మందు లేదు.

1920 దశకమున ఆయన అమెరికా చేరి హార్వర్డు విశ్వవిద్యాలయమున ప్రవేశించిరి. సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ప్రకటించిన ఫాస్ఫరసును కొలుచు పద్ధతి జీవరసాయనశాస్త్రమున ఆ ఇరువురి పేర్లతోనే నిలిచిపోయెను. 1940లో లెడర్లే ఔషధసంస్థ పరిశోధనాలయమున చేరిన పిదప వారికి మరొక వింత త్రాసు ఉపయోగపడెను. అది బాక్టీరియా.

బాక్టీరియా యనిన రోగమే స్ఫురించుట సహజము. కాని మన వంటింట పాలను పెరుగుగా పేర్చునవియు బాక్టీరియాలే. ఒక్కొక్కటి మిల్లీమీటరులో సుమారు వేయవవంతు పరిమాణముగల ఏకకణజీవి. వెచ్చదనము, ఆహారము తగినంతగా లభించినచో కొన్ని జాతులు ఇరువది నిమిషములకు ఒకసారి రెండింతలగును. పరిశోధకులు గాజునాళికలలో పోషకద్రవము పోసి వీనిని పెంచుదురు. వానికి తప్పనిసరియైన పోషకము ఒక్కటి లోపించినను పెరుగుదల ఆగి, ద్రవము తేటగానే యుండును. దానిని చేర్చినచో ద్రవము మసకబారి పులియును. పులుపు ఎంత యెక్కినదో కొలిచినచో పోషకమెంత కలదో తెలియును. లాక్టోబాసిల్లస్ కేసీ యను బాక్టీరియా పెరుగుటకు ఫోలిక్ ఆమ్లమను విటమిను కావలెను. కాలేయమునుండి తీసిన సారములలో ఏ భాగమున ఆ విటమిను దాగియున్నదో ఈ జీవియే చెప్పగలిగెను. సుబ్బారావుగారి నాయకత్వమున పరిశోధకబృందము 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసెను. స్ప్రూ రోగులకు అది సంజీవని యయ్యెను. ఆనాడు సోదరులకు అందని మందు సోదరుని చేతిమీదుగా లోకమునకు అందెను.

రెండవ కొలువు మట్టిలోని బాక్టీరియాలది. 1884లో హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ ప్రకటించిన రంగుపరీక్ష బాక్టీరియాలను రెండు తెగలుగా విడదీయును. ఊదారంగు నిలుపుకొనునవి ఒక తెగ, దానిని విడిచి ఎర్రగా కనబడునవి మరొక తెగ. పెన్సిలినుకు మొదటి తెగపై పట్టు హెచ్చు, రెండవ దానిలో పెక్కింటిపై తక్కువ. రెండింటిని అణచు మందును వెదకుటకు సుబ్బారావుగారి ఆధ్వర్యమున వృద్ధ వృక్షశాస్త్రజ్ఞుడు బెంజమిన్ డగ్గరు పూనుకొనెను. పలుచోట్లనుండి తెప్పించిన మట్టిని నీట కలిపి, సముద్రపు నాచునుండి తీసిన అగరుపై పరచి, అందు పెరిగిన జీవులలో ఏది ఇతర బాక్టీరియాలను ఎదుగనీయదో పరీక్షించుట వారి పని. మిస్సోరీ రాష్ట్రమునందలి ఒక గడ్డినేల మట్టిలో బంగారురంగు జీవి దొరకెను. స్ట్రెప్టోమైసిస్ ఆరియోఫేసియన్స్ అని దానికి పేరిడిరి. బూజువలె కనబడినను అదియు బాక్టీరియాయే. అది యిచ్చిన ఆరియోమైసిను, బాక్టీరియా తనకు వలసిన ప్రోటీనులను నిర్మించుకొనకుండ అడ్డగించును. 1948 జూలైలో దానిని లోకమునకు ప్రకటించిరి. కీర్తి డగ్గరును వరించెను. నాయకుడు వెనుకనే యుండెను.

మరుసటి నెలలోనే, 53 ఏండ్ల వయస్సున, సుబ్బారావుగారు అమెరికాలో నిద్రలోనే కన్నుమూసిరి. మాతృభూమిని మరల చూడలేదు. ఆరియోమైసిను వంశమునకే చెందిన టెట్రాసైక్లినును 1994లో సూరతులో ప్లేగు కలవరము రేగినపుడు విరివిగా పంచిరి. చార్మినారు నాటి ప్రజలకు లేని ఆయుధమది. కాని బాక్టీరియాలు ఊరకుండునవి కావు. అవసరము లేనిచోట మందు వాడినకొలది దానిని తట్టుకొను జాతులు మిగిలి వృద్ధిపొందును. ఆయన అందించిన ఆయుధమును మొద్దుబారనీయకుండుట మన విధి. చార్మినారును చూపి మహమ్మారి కథ చెప్పు ఉపాధ్యాయుడు, దానికి తరువాయిగా మెట్రిక్యులేషను మూడవసారికి గెలిచిన ఈ భీమవరపు బిడ్డ కథను కూడ విద్యార్థులకు చెప్పవలెను.