నయం కాని రోగులనూ లెక్కలో రాసిన వైద్యుడు

లూకా సువార్త 14వ అధ్యాయంలో, విశ్రాంతి దినాన పరిసయ్యుని ఇంట ప్రభువు స్వస్థపరచిన ఒక మనుష్యుడు కనిపిస్తాడు. అతనిది జలోదరం. ఒళ్లంతా నీరు పట్టే జబ్బు. గుండె బలహీనపడినా ఇలా నీరు పడుతుందని ఇప్పుడు మనకు తెలుసు. రెండున్నర శతాబ్దాల క్రితం దానికి నమ్మదగిన మందు దొరకక వైద్యులు చేతులెత్తేసేవారు. ఆ మందును వైద్యలోకం చేతికి అందించినవారు విలియమ్ విథరింగ్.

ఆయన 1741లో ఇంగ్లండులోని వెల్లింగ్టన్‌లో ఒక వైద్యుని ఇంట పుట్టారు. 1766లో ఎడిన్‌బరోలో వైద్య పట్టా పొందారు. చదువుకునే రోజుల్లో మొక్కల శాస్త్రమంటే ఆయనకు గిట్టేది కాదు. స్టాఫర్డ్‌లో వైద్యం చేస్తుండగా హెలెనా అనే యువతి రోగిగా వచ్చింది. ఆమె పూలబొమ్మలు వేసేది. ఆమె కోసం పూలు ఏరి తెస్తూ తెస్తూ ఆయన మొక్కలను ప్రేమించడం నేర్చుకున్నారు. 1772లో ఆమెనే పెండ్లాడారు. 1776లో బ్రిటన్ మొక్కలన్నిటిపై పెద్ద గ్రంథమే రాశారు. దేవుడు తన పనికి మనుషులను ఎలా సిద్ధపరుస్తాడో చూడండి!

1775లో జలోదరానికి వాడే ఒక ఇంటివైద్యం గురించి ఆయన అభిప్రాయం అడిగారు. ఒక ముసలమ్మ చాలాకాలం రహస్యంగా దాచుకున్న మందు అది. అందులో 20కి పైగా మూలికలున్నాయి. వాటిలో పనిచేసేది ఫాక్స్‌గ్లోవ్ ఒక్కటేనని మొక్కలు తెలిసిన విథరింగ్ పసిగట్టారు.

అయితే ఫాక్స్‌గ్లోవ్ విషపు మొక్క. మన పెరటి పచ్చగన్నేరులో ఉండేదీ ఆ జాతి విషమే. అనకాపల్లి చుట్టుపక్కల బెల్లం వండేవారికి పాకం సంగతి తెలుసు. కాస్త ముందు దించితే గట్టిపడదు, కాస్త ఆలస్యమైతే మాడుతుంది. ఈ మందూ అంతే. తగ్గితే పనిచేయదు, మించితే ప్రాణం తీస్తుంది. బర్మింగ్‌హామ్‌లో ఏటా రెండు మూడు వేలమంది పేదలను ఉచితంగా చూస్తూ, విథరింగ్ పదేళ్లు ఆ మోతాదు కోసం శ్రమించారు. పూత వేళ కోసిన ఆకును ఎండబెట్టి పొడిచేసి, కొద్దికొద్దిగా ఇచ్చారు. వాంతులు, చూపు పసుపుపచ్చగా మారడం, నాడి మరీ నెమ్మదించడం కనిపిస్తే మోతాదు మించినట్టని కనిపెట్టారు. ఈ ఆకుకు గుండె కదలికపై పట్టు ఉందని గుర్తించారు.

1785లో ఆ అనుభవమంతా పుస్తకంగా వచ్చింది. అందులో 150కి పైగా రోగుల వివరాలున్నాయి. బాగుపడినవారిని మాత్రమే ఏరి చూపితే ఎంత పేరు వచ్చేదో ఆయనకు తెలుసు. అయినా నయం కానివారినీ, చనిపోయినవారినీ రాశారు. మొదట్లో తాను మోతాదు ఎక్కువ ఇచ్చాననీ ఒప్పుకున్నారు. ఆ నిజాయితీ వల్లనే తర్వాతి వైద్యులకు దారి దొరికింది. ఊపిరితిత్తుల జబ్బుతో ఏళ్ల తరబడి బాధపడి, 1799 అక్టోబరు 6న ఆయన కన్నుమూశారు. ఎడ్జ్‌బాస్టన్ చర్చిలోని ఆయన స్మారక ఫలకంపై ఫాక్స్‌గ్లోవ్ కొమ్మ చెక్కి ఉంది.

1930లో ఆ జాతికే చెందిన మరో మొక్క నుంచి డిజాక్సిన్‌ను వేరుచేశారు. గుండె లయ తప్పినవారికీ, గుండె బలహీనపడినవారిలో కొందరికీ నేటికీ డాక్టర్లు ఆ మాత్ర రాస్తున్నారు. మూత్రపిండాలు సరిగా పనిచేయని పెద్దలకు అది ఒంట్లో పేరుకుపోవచ్చు. ఆకలి చచ్చిపోయినా, వాంతులైనా, చూపు పచ్చబడినా వెంటనే డాక్టరుకు చెప్పాలి.

ప్రియ సంఘమా, స్వస్థత కూటం నుంచి వచ్చి గుండె మాత్రలు పక్కన పడేసినవారిని కాపరిగా నేను చూశాను. వారిలో కొందరి సమాధి ఆరాధన కూడా నేనే నడిపించాను. వారి సంగతి ఏ సాక్ష్యంలోనూ వినబడదు. స్వస్థపడినవారే వేదిక ఎక్కుతారు. హిజ్కియా రాజు కన్నీటి ప్రార్థన దేవుడు విన్నాడు. అయినా యెషయా అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండుమీద వేయించాడు. ప్రార్థనకూ మందుకూ పోటీ లేదు. మోకరించి ప్రార్థించండి, లేచి మాత్ర వేసుకోండి. సాక్ష్యం చెప్పేటప్పుడు విథరింగ్‌లా మొత్తం లెక్క చెప్పండి. మన దేవుడు సత్యదేవుడు. ఆయన మహిమకు మన దాపరికం అవసరం లేదు.