భక్షక కణాల ద్రష్ట - ఇల్యా మెచ్నికోవ్

కాలికి ముల్లు గుచ్చుకొన్న మరునాడు ఆ చోటు ఎర్రబడి, వాచి, సలపడం మొదలుపెడుతుంది. రెండు మూడు రోజులలో చీము పడుతుంది. ఈ అనుభవం లేని మనిషి ఉండడు. అయితే ఆ చీము ఏమిటి? అది వ్యాధియా, లేక వ్యాధిపై శరీరం సాగించిన పోరాటానికి మిగిలిన శేషమా? ఈ ప్రశ్నకు వైద్యశాస్త్రం శతాబ్దాల తరబడి సరియైన సమాధానం చెప్పలేకపోయింది. చివరకు చెప్పినవాడు వైద్యుడు కాడు. నీటి పురుగులను, నక్షత్ర చేపలను పరిశీలిస్తూ యౌవనమంతా గడిపిన జంతుశాస్త్రజ్ఞుడు. ఆయన పేరు ఇల్యా ఇల్యిచ్ మెచ్నికోవ్.

తెల్ల రక్తకణాలు సూక్ష్మజీవులను భక్షిస్తాయని విజ్ఞానశాస్త్ర పాఠంలో ఒక్క వాక్యం వస్తుంది. ఆ వాక్యాన్ని పరీక్షలో రాసి మరచిపోయిన మన పూర్వ విద్యార్థులకు, నేడు చదువుతున్న బాలబాలికలకు దాని వెనుకనున్న జీవితాన్ని పరిచయం చేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మెచ్నికోవ్ 1845 మే నెలలో, ఆనాటి రష్యా సామ్రాజ్యంలోని ఖార్కోవ్ నగర సమీపాన జన్మించాడు. ఆ ప్రాంతం ఇప్పుడు ఉక్రెయిన్‌లో ఉన్నది. తండ్రి చక్రవర్తి అంగరక్షక దళంలో అధికారి. ఐదుగురు సంతానంలో మెచ్నికోవ్ కడపటివాడు. ఖార్కోవ్ విశ్వవిద్యాలయంలో నాలుగేండ్ల చదువును రెండేండ్లలో ముగించి, జర్మనీకి, అటుపై ఇటలీలోని నేపుల్స్‌కు వెళ్లాడు. సముద్రప్రాణుల పిండాభివృద్ధిపై కోవలెవ్‌స్కీతో కలిసి చేసిన కృషికి 1867లో ఇద్దరికీ బేయర్ బహుమతి లభించింది. అంతకు ముందే, 1865లో గీసెన్ నగరంలో ఉండగా, ఒక బల్లపరుపు పురుగులో ఆయన ఒక చిత్రం చూశాడు. మన కడుపులో ఆహారం జీర్ణరసాలలో కరుగుతుంది. ఆ పురుగులోనో, కణాలే ఆహారపు తునకలను తమలోనికి లాగికొని జీర్ణం చేసికొంటున్నవి. అప్పటికి అదొక చిన్న పరిశీలన మాత్రమే. పదిహేడేండ్ల తరువాత అదే ఆయన జీవితానికి తాళపుచెవి అయింది.

ఈలోగా ఆ జీవితం రెండుమార్లు ముగిసిపోబోయింది.

1869లో ఆయన ల్యుద్మిలా అనే యువతిని వివాహమాడాడు. వధువు అప్పటికే క్షయరోగంతో బాధపడుతున్నది. పెండ్లినాడు నడవలేని స్థితిలో ఆమెను కుర్చీలో కూర్చుండబెట్టి చర్చికి మోసికొని పోయారు. నాలుగేండ్లపాటు ఆమెను బ్రతికించుకోవడానికి ఆయన చేయని ప్రయత్నం లేదు. వెచ్చని గాలి మేలు చేస్తుందన్న ఆశతో మదీరా ద్వీపానికి తీసికొని వెళ్లాడు. 1873 ఏప్రిల్‌లో ఆమె అక్కడే కన్నుమూసింది. కంటిచూపు దెబ్బతిని, గుండె బలహీనమై, బ్రతుకుమీద ఆశ వదలుకొన్న మెచ్నికోవ్ ప్రాణం తీసుకోదలచి మత్తుమందు మింగాడు. మోతాదు మితిమీరడంతో అది వాంతియై బయటపడిపోయింది. ఆ దినాలలోనే ఒక రాత్రి జెనీవాలో రోన్ నది వంతెనపై దీపం చుట్టూ ముసురుతున్న రెక్కల పురుగులను చూచి, ఇంత అల్పాయుష్షు గల ఈ ప్రాణులకు ప్రకృతివరణ సిద్ధాంతం ఎట్లు వర్తిస్తుందా అన్న ఆలోచనలో పడి, చావు సంగతి మరచిపోయాడని ఆయన రెండవ భార్య ఓల్గా తాను రచించిన జీవితచరిత్రలో తెలిపింది. శాస్త్రజిజ్ఞాస మనిషికి అన్నం పెట్టకపోవచ్చునని అంటారు. ఇక్కడ అది ఒక మనిషి ప్రాణం నిలిపింది.

ఓల్గాతో వివాహం 1875లో జరిగింది. 1880లో ఆమెకు టైఫాయిడ్ జ్వరం ప్రాణాంతకంగా వచ్చింది. 1881లో జార్ రెండవ అలెగ్జాండర్ హత్య జరిగిన పిమ్మట విశ్వవిద్యాలయాలపై ప్రభుత్వ నిర్బంధాలు పెరిగాయి. ఒడెస్సాలో ఆచార్యుడుగా ఉన్న మెచ్నికోవ్ మరల నిరాశలో కూరుకుపోయి, తిరగబెట్టే జ్వరంతో బాధపడుతున్న రోగి రక్తాన్ని తన శరీరంలోనికి ఎక్కించుకొన్నాడు. పోతే ప్రాణం పోతుంది, పోకపోతే ఆ జ్వరం రక్తం ద్వారా సంక్రమించునో లేదో తేలుతుంది. తీవ్రంగా జబ్బుపడి, ఎట్లో బయటపడ్డాడు. ఆశ్చర్యమేమంటే, లేచిన తరువాత ఆయనలోని నిరాశావాది ఎటు పోయాడో పోయాడు. శేషజీవితమంతా జీవితాన్ని పొగడినవాడే మిగిలాడు.

1882లో ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి, భార్యతోను ఆమె తమ్ముళ్లు చెల్లెళ్లతోను సిసిలీ ద్వీపంలోని మెస్సీనా నగరానికి చేరాడు. సముద్రతీరాన ఒక ఇల్లు. ఆ ఇంటి సావడిలోనే ప్రయోగశాల. డిసెంబరులో ఒకనాడు ఇంటిల్లిపాదీ కోతుల ఆటలు చూడడానికి సర్కసుకు వెళ్లగా, ఆయన ఒంటరిగా సూక్ష్మదర్శిని ముందు కూర్చున్నాడు. కింద ఉన్నది నక్షత్ర చేప డింభకం. గాజువలె పారదర్శకమైన ఆ శరీరంలో కొన్ని కణాలు అటూ ఇటూ తిరుగుతున్నవి. ఇవి ఆహారాన్ని మ్రింగగల కణాలే కదా. శరీరంలోనికి శత్రువు చొరబడితే దానిని మ్రింగవచ్చును కదా అన్న ఊహ ఆయనకు తట్టింది. అట్లయితే ఒక ముల్లు గుచ్చితే చాలు, ఈ కణాలు దాని చుట్టూ మూగాలి. తోటలోనికి వెళ్లి గులాబీ ముళ్లు తెచ్చి, డింభకాల చర్మం కింద గుచ్చాడు. ఆ రాత్రి నిద్రపట్టలేదు. తెల్లవారుతూనే చూస్తే, ముల్లు చుట్టూ ఆ కణాలు గుంపుగా చేరి దానిని కమ్ముకొని ఉన్నవి.

ఈ ప్రయోగంలోని బలం ఎక్కడున్నదో కొంచెం నిదానించి గ్రహించాలి. వాచిన చోట తెల్లకణాలు చేరుతాయని వైద్యులకు అప్పటికే తెలుసు. 1867లో జర్మన్ శాస్త్రజ్ఞుడు కోన్‌హైమ్ అవి రక్తనాళాల గోడలనుంచి వెలుపలికి రావడం చూపాడు కూడా. కాని నాళం దెబ్బతిన్నందువల్ల అవి కారిపోతున్నాయని, అందులో వాటి ప్రమేయం లేదని భావించారు. చీములోని కణాలలో సూక్ష్మజీవులు కనిపించినప్పుడు, రోగక్రిములు ఆ కణాలలో దూరి వాటినే వాహనంగా చేసికొని శరీరమంతటా ప్రాకుతున్నవని పలువురు తలచారు. నక్షత్ర చేప డింభకంలో రక్తనాళాలు లేవు. కారిపోవడానికి గొట్టమే లేనప్పుడు, కణాలు ముల్లు దగ్గరకు చేరినవంటే తమంతట తాము కదలి వచ్చినవే. ఒక్క ముల్లుతో ఆ పాత అభిప్రాయానికి ఆధారం పోయింది. వైద్యులు మనిషి శరీరాన్నే పట్టుకొని కూర్చున్నందువల్ల కానరాని సంగతి, పురుగునుంచి మనిషివైపు నడచి వచ్చినవానికి కనిపించిందని నా అభిప్రాయం.

ఆ కాలంలో మెస్సీనాకు వచ్చిన మహావైద్యుడు విర్కో ఈ ప్రయోగాలను చూచి ప్రోత్సహించాడు, జాగ్రత్తగా సాగమని హెచ్చరించాడు కూడా. వియన్నాలోని క్లౌస్ ఆ కణాలకు గ్రీకు పదాలతో ఫాగోసైట్ అనే పేరు సూచించాడు. దానినే మనం భక్షక కణం అంటున్నాం. 1884లో మెచ్నికోవ్ డాఫ్నియా అనే చిన్న నీటిపురుగులో అసలు యుద్ధాన్నే చూపించాడు. దాని ఆహారంతోపాటు సూదులవంటి శిలీంధ్ర బీజాలు లోపలికి పోయి పేగు గోడను చీల్చుకొని వస్తాయి. వెంటనే భక్షక కణాలు వాటిని చుట్టుముడతాయి. అవి బీజాలను అరిగించగలిగితే పురుగు బ్రతుకుతుంది. బీజాలు ముందుగా మొలకెత్తి వృద్ధి చెందితే చస్తుంది. వ్యాధి అనగా రెండు ప్రాణుల నడుమ పెనుగులాట అని అంత స్పష్టంగా, బ్రతికియున్న దేహంలో కంటికి కనబడేటట్లు అంతకు ముందెవరూ చూపలేదు.

1886లో ఒడెస్సా నగరంలో స్థాపించిన సూక్ష్మజీవశాస్త్ర సంస్థకు ఆయనను అధిపతిగా నియమించారు. వైద్యపట్టా లేనివాని ఆధిపత్యాన్ని స్థానిక వైద్యులు సహించలేదు. ఆయన ఊరిలో లేని సమయాన సహచరులు వేసిన దొమ్మరోగపు టీకా వికటించి వేలాది గొర్రెలు చచ్చాయి. ఇక అక్కడ నిలువలేక 1888లో బయలుదేరాడు. బెర్లిన్‌లో కోక్ ముభావంగా మాట్లాడి పంపివేశాడు. పారిస్‌లో వృద్ధుడైన పాశ్చర్ ఆదరించి, కొత్తగా తెరవనున్న తన సంస్థలో ప్రయోగశాల ఇచ్చాడు. చివరి శ్వాస వరకు, ఇరవై ఎనిమిదేండ్లు, ఆయన అక్కడే పనిచేశాడు.

ఆ ఇరవై ఎనిమిదేండ్లలో అధికభాగం వాదప్రతివాదాలే. 1890లో బెర్లిన్‌లో బేరింగ్, కిటసాటో అనేవారు ధనుర్వాతపు విషాన్ని విరిచే శక్తి, రోగాన్ని తట్టుకొన్న జంతువు రక్తపు సీరంలోనే ఉన్నదని నిరూపించారు. అందులో కణమే లేదు. 1894లో ఫైఫర్, టీకా పొందిన గినీపంది ఉదరకుహరంలో కలరా క్రిములు భక్షక కణాల ప్రమేయం లేకుండానే కరిగిపోవడం చూపాడు. రక్షణ ద్రవంలో ఉన్నదని ఒక పక్షం, కణంలో ఉన్నదని మరొక పక్షం. మెచ్నికోవ్ ఒంటరిగా తన పక్షాన్ని నిలబెట్టాడు. ప్రతి విమర్శకూ ఒక కొత్త ప్రయోగంతో బదులిచ్చాడు. ఆ పట్టుదల కొన్నిచోట్ల మొండితనమైన మాట నిజం. ద్రవపక్షానికి బలమిచ్చిన కాంప్లిమెంట్ అనే పదార్థపు క్రియను 1895లో కనుగొన్న బోర్డే ఆయన ప్రయోగశాలలోనే పనిచేస్తున్న యువకుడు. శిష్యుడు తన సిద్ధాంతానికి ఎదురు సాక్ష్యం తెచ్చినా గురువు తలుపు మూయలేదు. ఇది ఉపాధ్యాయులమైన మేము తలచుకోదగిన సంగతి. చివరకు 1903లో లండన్‌లో రైట్, డగ్లస్ ఇద్దరూ రక్తద్రవంలోని కొన్ని పదార్థాలు క్రిములకు అంటుకొని వాటిని భక్షక కణాలకు రుచికరం చేస్తున్నాయని చూపడంతో తగవు చాలవరకు తీరింది. రెండు పక్షాలూ సగం సగం చెబుతున్నవే. 1908లో నోబెల్ బహుమతిని మెచ్నికోవ్‌కు, ద్రవపక్షపు మేధావి ఎర్లిక్‌కు కలిపి ఇచ్చారు. బహుమతి అందుకొన్న అదే డిసెంబరు 28న భూకంపం మెస్సీనా నగరాన్ని నేలమట్టం చేసింది.

ఈ వృత్తాంతంలో మన దేశానికి సంబంధించిన పాయ ఒకటి ఉన్నది. ఒడెస్సాలో మెచ్నికోవ్ వద్ద చదివిన హాఫ్కిన్ గురువు వెంట పారిస్ చేరి, మొదట పాశ్చర్ సంస్థ గ్రంథాలయంలో పనిచేశాడు. 1892లో కలరా టీకా రూపొందించి, మరుసటి ఏడు భారతదేశానికి వచ్చాడు. 1896లో మన ఈ నగరాన్ని ప్లేగు చుట్టుముట్టినప్పుడు ఇక్కడే టీకా తయారుచేసి, 1897 జనవరి 10న మొదట తనకే వేసుకొన్నాడు. 1899లో ఆయన ప్రయోగశాల పరేల్‌లోని పాత ప్రభుత్వ భవనానికి మారింది. 1925నుంచి అది హాఫ్కిన్ సంస్థ అయింది. మగ్గాలు, మిల్లులు వెదకికొంటూ వచ్చిన మన పెద్దలు స్థిరపడిన పేటలు దానికి ఎంతో దూరం కావు.

వయసు మీరిన కొలది మెచ్నికోవ్ దృష్టి వార్ధక్యంపైకి మళ్లింది. పెద్దపేగులోని కుళ్లు క్రిముల విషాలే ముసలితనానికి కారణమని, పుల్లని పెరుగులోని క్రిములు వాటిని అణచగలవని నమ్మి, తానూ నిత్యం పులిసిన పాలు త్రాగాడు. యూరప్ అంతటా పెరుగు వ్యాపారమై కూర్చున్నది. పెరుగన్నం లేనిదే భోజనం ముగియని మనకు ఇది ముచ్చటగా ఉండవచ్చును గాని, ఈ విషయంలో ఆయన ఆధారాలను మించి మాట్లాడాడని చెప్పక తప్పదు. పేగులోని సూక్ష్మజీవులకు, ఆరోగ్యానికి సంబంధం ఉన్నదన్న మూల భావన మాత్రం ఈనాడు విస్తృత పరిశోధనకు విషయమైనది.

భక్షక కణాల విషయమో, కాలం గడిచిన కొలది గట్టిపడింది. శరీరంలో ఎక్కడ గాయమైనా, అక్కడి కణాలు రసాయన సంకేతాలు వెలువరిస్తాయి. వాటిని అందుకొని న్యూట్రోఫిల్ అనే తెల్లకణాలు నాళపు గోడకు అంటుకొని, సందుచేసికొని వెలుపలికి జారి, క్రిములను మ్రింగి తామూ చస్తాయి. ఆ మృతకణాల రాశియే చీము. వెనుకనే మాక్రోఫేజ్‌లు వచ్చి క్రిములను, శిథిలాలను శుభ్రం చేస్తాయి. ఆ పేరు మెచ్నికోవ్ పెట్టినదే. 1973లో స్టైన్‌మన్, కోన్ వెల్లడించిన డెండ్రైటిక్ కణాలు మ్రింగిన శత్రువు తునకలను టి-కణాలకు చూపి, యుద్ధానికి పురికొల్పుతాయి. వాటి సహాయంతో బి-కణాలు ప్రతిరక్షకాలను తయారుచేస్తాయి. బేరింగ్ సీరంలో చూచిన శక్తి ఆ ప్రతిరక్షకాలదే. అంటే ద్రవపక్షపు ఆయుధాలు కూడ కణాల కార్ఖానాలో తయారైనవే. స్వపర భేదాన్ని ఈ కణాలు గుర్తించే గ్రాహకాలపై కృషికి 2011లో బ్యూట్లర్, హాఫ్‌మన్‌లకు, డెండ్రైటిక్ కణాలకు గాను స్టైన్‌మన్‌కు నోబెల్ బహుమతి వచ్చింది.

ఒక్క చేదు నిజం మిగిలి ఉన్నది. మాక్రోఫేజ్ మ్రింగినా చావక, దాని కడుపులోనే కాపురం పెట్టి, ఏండ్ల తరబడి దాగి ఉండగల క్రిమి ఒకటున్నది. అది క్షయ క్రిమి. ల్యుద్మిలాను పొట్టన పెట్టుకొన్నది అదే. 1911లో, తన అరవయ్యారవ ఏట, మెచ్నికోవ్ క్షయను అధ్యయనం చేయడానికి కల్మిక్ మైదానాలకు ఒక బృందాన్ని వెంటబెట్టుకొని వెళ్లాడు.

మొదటి ప్రపంచ యుద్ధం ఆయనను కృంగదీసింది. ప్రయోగశాల యువకులు రణరంగానికి వెళ్లారు. గదులు ఖాళీ అయ్యాయి. గుండెజబ్బు ముదిరి, 1916 జూలైలో, డెబ్బదియొకటవ ఏట, పారిస్‌లోనే ఆయన మరణించాడు. చనిపోయిన తరువాత తన పేగులను శ్రద్ధగా పరీక్షించవలసిందిగా వైద్యమిత్రునికి ముందే చెప్పి ఉంచాడు. ఆయన కోరిక ప్రకారం దేహాన్ని దహనం చేసి, చితాభస్మాన్ని పాశ్చర్ సంస్థ గ్రంథాలయంలో ఒక పాత్రలో భద్రపరచారు.