వెండి నాణెములు చెప్పిన చరిత్ర – జేమ్సు ప్రిన్సెప్పు

పాత వెండి నాణెము చేత బడినప్పుడు కంసాలి దాని తూకము చూచును. షరాబు దాని వన్నె చూచును. ఆ రెంటితో తృప్తి చెందక, దానిమీది యరిగిన యక్షరములను గూడ చూచి, మన దేశ చరిత్రకు వెలుగు చూపిన మహనీయుడు జేమ్సు ప్రిన్సెప్పు.

ఇతడు 1799వ సంవత్సరము ఆగస్టు 20వ తేదీన ఇంగ్లండు దేశమున జన్మించెను. తండ్రి జాన్ ప్రిన్సెప్పు భారతదేశమున నీలిమందు వ్యాపారము చేసి ధనము గడించినవాడు. జేమ్సు మొదట భవన నిర్మాణ విద్య నభ్యసించెను గాని, కంటిజబ్బుచే దానిని మానుకొనవలసి వచ్చెను. పిమ్మట లండను టంకశాలయందు లోహపరీక్ష నేర్చి, 1819లో కలకత్తా చేరెను. మరుసటి యేడు కాశీ టంకశాలలో లోహపరీక్షాధికారి యయ్యెను. అచ్చట నున్న పదేండ్లలో కొలువుతో సరిపెట్టుకొనక, నగరపు మురుగునీరు పోవుటకు భూమిలోపల కాలువ నిర్మించెను. కర్మనాశా నదిపై వంతెన కట్టించెను. 1832లో కలకత్తా టంకశాల లోహపరీక్షాధికారి పదవి లభించెను.

ఆ కాలమున దేశములో రూపాయలన్నియు నొక్క తీరుగా నుండెడివి కావు. కలకత్తా సిక్కా రూపాయ యొకటి, ఫరక్కాబాదు రూపాయ యొకటి, మద్రాసు రూపాయ వేరొకటి. చేతులు మారి యరిగిన నాణెమునకు షరాబులు వట్టము పట్టుకొని తక్కువ వెల కట్టెడివారు. కష్టపడి పంట పండించిన రైతు ఆ వట్టమువలన నష్టపోవుచుండెను. ప్రిన్సెప్పు వివిధ నాణెముల తూకములను, వెండి పాళ్లను పరీక్షించి పట్టికలుగా ప్రకటించెను. దేశమంతటికి నొకే తూకము గల రూపాయ యుండవలెనని వాదించెను. తుదకు 1835లో కుంపిణీవారు చట్టము చేసి, 180 గ్రెయిన్ల తూకము గల రూపాయను ప్రవేశపెట్టిరి. అందు పండ్రెండు పాళ్లకు పదునొకండు పాళ్లు స్వచ్ఛమైన వెండి.

పగలు కొత్త నాణెములను పరీక్షించు నాతని మనస్సు ప్రాచీన నాణెములపై లగ్నమై యుండెను. అతడు ఏషియాటిక్ సొసైటీకి కార్యదర్శియై, దాని పత్రికను నడపుచు, పాత నాణెములను గాని, వాని చిత్రములను గాని పంపుడని పలువురిని గోరెను. పంజాబునుండియు, ఆఫ్ఘనిస్థానమునుండియు నాణెములు రాసాగెను. కంసాలి మూసలో కరగిపోవలసిన వెండి యిట్లు పండితుని బల్లమీదికి చేరెను. వానిలో కొన్నిటికి ఒకవైపున గ్రీకు లిపియు, రెండవవైపున ఖరోష్ఠీ లిపియు నుండెను. గ్రీకులో నున్న రాజు పేరే రెండవ వైపునను ఉండవలెను గదా! ఆ యూహతో ప్రిన్సెప్పును, మరికొందరు పండితులును ఖరోష్ఠీ యక్షరములను గుర్తింపసాగిరి.

అంతకంటె కఠినమైన చిక్కు మరియొకటి యుండెను. ఢిల్లీ, అలహాబాదు స్తంభములపై నున్న ప్రాచీన బ్రాహ్మీ లిపిని చదువగలవా రెవ్వరును లేకుండిరి. 1836లో లాసెన్ అను పండితుడు ఒక గ్రీకు రాజు నాణెముపై నున్న బ్రాహ్మీ యక్షరములను గుర్తించెను గాని, లిపి యంతయు తేటపడలేదు. 1837లో ప్రిన్సెప్పు సౌరాష్ట్రపు చిన్న వెండి నాణెములను పరిశీలించుచుండెను. అవి ఆంధ్రదేశము నేలిన శాతవాహనులతో పోరాడిన క్షత్రపులవి. వానిపై రాజు పేరును, తండ్రి పేరును ఉండెను. పేరు చివర వచ్చు 'స' యను నక్షరము షష్ఠీ విభక్తిని, అనగా 'యొక్క' యను నర్థమును తెలుపుచున్నదని యతడు గ్రహించెను.

ఒకటి రెండు దినములకే సాంచీ స్తూపపు చిన్న శాసనముల ప్రతులు అతని ముందుండెను. అన్నిటి చివరను అవే రెండక్షరములు! వానికి ముందు తరచుగా ఆ 'స' కారమే! భక్తులు స్తూపమునకు కానుకలిచ్చి చెక్కించిన మాటలివి యని యాతనికి తోచెను. ఆ రెండక్షరములు 'దానం' అను పదమే. దానితో 'ద'కారము, 'న'కారము, అనుస్వారము తెలిసెను. కొలది కాలములోనే లిపి యంతయు బోధపడెను. కలకత్తా పండితుడైన కమలాకాంత విద్యాలంకారు డాతనికి తోడ్పడెను. స్తంభములపై పియదసి యను రాజు ధర్మబోధలు వినబడెను. ఆ పియదసి యశోకుడే యని సింహళమున నున్న టర్నరు అను నుద్యోగి బౌద్ధ గ్రంథములనుండి తెలియజేసెను. కర్నూలు జిల్లా ఎఱ్ఱగుడి కొండపై 20వ శతాబ్దమున బయల్పడిన యశోకుని శాసనములను చదువగలుగుటయు ఈ కృషి ఫలమే. మన తెలుగు లిపికి సైతము ఆ బ్రాహ్మీయే మూలము.

ఎడతెగని శ్రమచే ప్రిన్సెప్పు ఆరోగ్యము చెడెను. 1838లో స్వదేశమునకు మరలి, 1840 ఏప్రిల్ 22న, నలువదియొకటవ యేడు నిండకయే కన్నుమూసెను. హుగ్లీ నదీతీరమున పురజనులు కట్టించిన ప్రిన్సెప్పు ఘట్టము అతని పేరు నిలుపుచున్నది. అతడు కూర్చిన నాణెములు 1847లో బ్రిటిషు మ్యూజియమునకు చేరినవి.

వెండి ధర నానాట మారును. అరిగిన నాణెముపై మిగిలిన యక్షరమునకు మాత్రము వట్టము లేదు. కరగించిన వెండి మరల నాణెము కావచ్చును; కరగిన చరిత్ర మరల రాదు.