పాలస్తీనాకు గుర్తింపు, ఇజ్రాయెల్‌కు తలుపు: పీవీ నడిచిన దారి

పీవీ నరసింహారావు గురించి రాసేవాళ్లు ఎక్కువగా రెండు విషయాల దగ్గర ఆగుతారు. ఒకటి 1991 ఆర్థిక సంస్కరణలు. రెండోది 1992 డిసెంబర్ 6న బాబ్రీ మసీదు కూల్చివేత. అంతగా చర్చకు రాని మూడో విషయం ఒకటుంది. పాలస్తీనా ప్రశ్న మీద భారతదేశం మూడు పెద్ద నిర్ణయాలు తీసుకున్నప్పుడు ఆయన అధికారంలో ఉన్నారు. 1980లో పాలస్తీనా విమోచన సంస్థ (పీఎల్ఓ) ఢిల్లీ కార్యాలయానికి పూర్తి దౌత్య హోదా దక్కింది. 1988లో పాలస్తీనాను దేశంగా గుర్తించాం. 1992లో ఇజ్రాయెల్‌తో పూర్తి స్థాయి సంబంధాలు మొదలయ్యాయి. మొదటి రెండుసార్లు ఆయన విదేశాంగ మంత్రి, మూడోసారి ప్రధాని.

పోలవరం ముంపు ప్రాంతంలో భూమి, పునరావాసం మీద పరిశోధన చేస్తున్న మాకు ఈ చరిత్ర దూరంగా కనిపించదు. గాజా వార్తలు వచ్చినప్పుడల్లా విద్యార్థుల మధ్య ఒక ప్రశ్న లేస్తుంది. ఒకప్పుడు పాలస్తీనా పక్షాన నిలబడిన మన దేశం ఎప్పుడు, ఎందుకు జరిగింది? ఆ ప్రశ్నకు జవాబు వెతికితే ఒక తెలుగు నాయకుడి జీవితం ఎదురవుతుంది. ఆ జీవితంలో భూమి ప్రశ్న కూడా ఉంది.

పాములపర్తి వెంకట నరసింహారావు 1921 జూన్ 28న వరంగల్ జిల్లా లక్నేపల్లిలో పుట్టారు. దత్తత వెళ్లి కరీంనగర్ జిల్లా వంగరలో పెరిగారు. భూములున్న బ్రాహ్మణ కుటుంబం. 1938లో వందేమాతరం పాడినందుకు నిజాం రాష్ట్రంలో చదువు ఆగిపోతే నాగపూర్ వెళ్లి చదువుకున్నారు. 1957 నుంచి మంథని ఎమ్మెల్యేగా వరుసగా గెలిచారు. ఎన్నో భాషలు తెలిసినవారు. విశ్వనాథ సత్యనారాయణ వేయిపడగలు నవలను హిందీలోకి అనువదించారు. తక్కువ మాట్లాడి, ఎదుటివాడి చేత ఎక్కువ మాట్లాడించే మనిషిగా పేరు.

1971 సెప్టెంబర్‌లో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యాక ఆయన తలకెత్తుకున్న పని భూపరిమితి చట్టం. కుటుంబానికి మాగాణి అయితే 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట అయితే 35 నుంచి 54 ఎకరాలు దాటకూడదన్నది దాని సారం. మిగులు భూమి భూమిలేని వాళ్లకు పంచాలి. 1972లో బిల్లు శాసనసభలో నెగ్గింది. అదే ఏడాది అక్టోబర్‌లో ముల్కీ నిబంధనలు చెల్లుతాయని సుప్రీంకోర్టు తీర్పు ఇవ్వడంతో కోస్తాలో జై ఆంధ్ర ఉద్యమం ఎగసింది. ఉద్యోగాల ప్రశ్న నిజమే. దాని వెనక భూస్వాముల కోపం కూడా పనిచేసిందని ఆ కాలాన్ని అధ్యయనం చేసినవాళ్లు చాలామంది చెప్పారు. 1973 జనవరిలో పీవీ పదవి పోయింది, రాష్ట్రపతి పాలన వచ్చింది. చట్టం అమల్లోకి వచ్చింది 1975లో. అప్పటికే చాలా భూమి బంధువుల పేర్ల మీదకు, బినామీ పేర్ల మీదకు చేరిపోయింది. డెల్టాలో దళిత కూలీలకు దక్కాల్సిన మాగాణిలో వాళ్ల చేతికి వచ్చింది స్వల్పం.

ఈ దెబ్బ తర్వాత ఆయన రాజకీయం మారింది. బలమైన వర్గాన్ని ఎదిరించి నిలబడే ధోరణి తగ్గి, గాలి ఎటు వీస్తుందో చూసి, అది స్థిరపడ్డాక అడుగు వేసే అలవాటు బలపడింది. ఢిల్లీలో ఆయనకు పేరు తెచ్చింది ఆ అలవాటే. పాలస్తీనా విషయంలో ఆయన అడుగులను కూడా దాని వెలుగులోనే చూడాలని మేము అనుకుంటున్నాం.

1980 జనవరిలో ఇందిరాగాంధీ తిరిగి అధికారంలోకి వచ్చి ఆయనను విదేశాంగ మంత్రిని చేశారు. అప్పటికి భారత విధానానికి ముప్పై ఏళ్లు దాటాయి. 1947 నవంబర్ 29న పాలస్తీనా విభజన తీర్మానానికి ఐక్యరాజ్యసమితిలో భారత్ వ్యతిరేకంగా ఓటేసింది. 1950 సెప్టెంబర్‌లో ఇజ్రాయెల్‌ను గుర్తించినా రాయబారులను మార్చుకోలేదు. బొంబాయిలో ఒక కాన్సులేట్ మాత్రం ఉండనిచ్చింది. 1975లో యూదు జాతీయవాదాన్ని జాతివివక్షగా ప్రకటించిన 3379వ తీర్మానానికి అనుకూలంగా ఓటేసింది. వలస పాలన నుంచి బయటపడిన దేశం కాబట్టి వలసకు గురవుతున్న ప్రజల పక్షాన ఉందన్నది ఒక మాట. చమురు, అరబ్ దేశాల ఓట్లు, కశ్మీర్ మీద పాకిస్తాన్‌తో పోటీ కూడా ఆ లెక్కలో ఉన్నాయన్నది రెండో మాట. రెండూ నిజమే.

పీవీ మంత్రి అయిన కొద్ది నెలల్లోనే పీఎల్ఓ కార్యాలయానికి రాయబార కార్యాలయ హోదా వచ్చింది. యాసర్ అరాఫత్ ఆ ఏడాది ఢిల్లీ వచ్చి దేశాధినేతకు దక్కే మర్యాద అందుకున్నారు. 1982లో బొంబాయిలోని ఇజ్రాయెల్ కాన్సుల్ ఒక పత్రికకు ఇచ్చిన ఇంటర్వ్యూలో, అరబ్బుల మెప్పు కోసమే భారత్ ఇలా నడుచుకుంటోందన్న అర్థంలో మాట్లాడారు. ప్రభుత్వం ఆయనను దేశం విడిచి వెళ్లమంది. ఒక పత్రికా సంభాషణ దౌత్య వ్యవహారంగా మారిన సందర్భమిది. 1983 మార్చిలో ఢిల్లీలో జరిగిన అలీనోద్యమ శిఖరాగ్ర సభకు అరాఫత్ మళ్లీ వచ్చారు.

1987 డిసెంబర్‌లో గాజాలో, వెస్ట్ బ్యాంక్‌లో మొదటి ఇంతిఫాదా మొదలైంది. రాళ్లు పట్టుకున్న పిల్లలు, తుపాకులు పట్టుకున్న సైనికులు టీవీ తెరల మీద కనిపించడంతో పాశ్చాత్య దేశాల మీడియాలో కూడా సంఘర్షణను చూపే తీరు కొంత మారింది. 1988 నవంబర్ 15న అల్జీర్స్‌లో పాలస్తీనా తనను స్వతంత్ర దేశంగా ప్రకటించుకుంది. మూడు రోజుల్లో భారత్ దాన్ని గుర్తించింది. అరబ్బేతర దేశాల్లో ముందు వరుసలో గుర్తించిన దేశం మనది. అప్పుడు ప్రధాని రాజీవ్‌గాంధీ, విదేశాంగ మంత్రి పీవీ.

ఆ తర్వాత మూడేళ్లలో ప్రపంచం తలకిందులైంది. 1990 ఆగస్టులో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించింది. అరాఫత్ సద్దాం వైపు మొగ్గడంతో గల్ఫ్ ప్రభుత్వాలు పీఎల్ఓకు దూరమయ్యాయి. కువైట్ నుంచి దాదాపు 1,70,000 మంది భారతీయులను విమానాల్లో వెనక్కు తీసుకురావాల్సి వచ్చింది. గోదావరి జిల్లాల నుంచి ఇంటిపనికి కువైట్ వెళ్లే ఆడవాళ్లలో దళిత, వెనుకబడిన కులాలవాళ్లు చాలామంది ఉన్నారని మనకు తెలుసు. పశ్చిమాసియా యుద్ధం మన పాలెంలో ఒక ఇంటి పొయ్యిని ఆర్పగలదు. విదేశాంగ విధానం ఢిల్లీవాళ్ల చదరంగం మాత్రమే అనుకునేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

1991 జూన్ 21న పీవీ ప్రధాని అయ్యారు. ఖజానాలో విదేశీ మారకం అడుగంటింది. జులైలో బంగారం లండన్‌కు తాకట్టు వెళ్లింది. అక్టోబర్ 30న మాడ్రిడ్‌లో పాలస్తీనీయులు, ఇజ్రాయెల్ ఒకే చర్చల బల్ల దగ్గర కూర్చున్నారు. డిసెంబర్‌లో సోవియట్ యూనియన్ ముగిసిపోయింది. అదే డిసెంబర్ 16న, 1975 నాటి 3379వ తీర్మానాన్ని రద్దు చేయడానికి ఐక్యరాజ్యసమితిలో జరిగిన ఓటింగ్‌లో భారత్ రద్దుకు అనుకూలంగా ఓటేసింది. రద్దు కోరినవాళ్లలో అమెరికా ముందుంది.

తర్వాతి అడుగులో పీవీ తీరు స్పష్టంగా కనిపిస్తుంది. 1992 జనవరి 20న అరాఫత్ ఢిల్లీ వచ్చారు. ఇజ్రాయెల్‌తో సంబంధాలు భారత్ సొంత నిర్ణయమని, దానికి తాను అడ్డు చెప్పనని ఆయన సూచించారు. జనవరి 24న చైనా ఇజ్రాయెల్‌తో సంబంధాలు ప్రకటించింది. 29న భారత్ ప్రకటించింది. ఆ వెంటనే భద్రతా మండలి శిఖరాగ్ర సమావేశానికి పీవీ న్యూయార్క్ వెళ్లారు. పాలస్తీనా నాయకుడి నోటితోనే అభ్యంతరం లేదనిపించుకున్నాక, మిగతా పెద్ద దేశాలు ముందు నడిచాక, అమెరికా ప్రయాణానికి ముందు తలుపు తెరిచారు. దేశంలో వామపక్షాలు, ముస్లిం సంఘాలు విమర్శించినా ప్రభుత్వం కదల్లేదు. పాలస్తీనా గుర్తింపును వెనక్కు తీసుకోలేదు, దాని పక్షాన ఓట్లు వేయడమూ మానలేదు. కానీ ఆనాటి నుంచి మాట ఒకరికి, వ్యాపారం, ఆయుధాలు ఇంకొకరితో అన్న తీరు మొదలైంది. తర్వాత వచ్చిన ప్రభుత్వాలన్నీ ఆ తలుపును ఇంకా వెడల్పు చేశాయి తప్ప మూయలేదు.

ఇదే పీవీ ప్రధాని అయిన ఆరు వారాలకు, 1991 ఆగస్టు 6న, గుంటూరు జిల్లా చుండూరులో అగ్రకులాలవాళ్లు ఎనిమిది మంది దళితులను చంపారు. ప్రధాని సొంత రాష్ట్రం, అక్కడా ఇక్కడా ఒకే పార్టీ ప్రభుత్వం. అత్యాచారాల నిరోధక చట్టం 1989లోనే వచ్చినా దాని నిబంధనలు వెలువడింది 1995లో. చుండూరు కేసులో ప్రత్యేక కోర్టు శిక్షలు 2007 దాకా రాలేదు. 2014లో హైకోర్టు వాటిని కొట్టేసింది. పాకీపని నిషేధ చట్టం 1993లో పీవీ ప్రభుత్వమే తెచ్చింది. అమల్లోకి రావడానికి 1997 దాకా పట్టింది. గాలి చూసి నడిచే రాజకీయంలో దళితుల వంతు ఎప్పుడూ ఆలస్యంగానే వస్తుంది.

విదేశాల చూపు పడిన చోట అదే ప్రభుత్వం చురుగ్గా కదిలింది. కశ్మీర్‌లో హక్కుల ఉల్లంఘనల మీద బయట విమర్శ పెరిగాక 1993లో జాతీయ మానవ హక్కుల కమిషన్ ఏర్పడింది. 1994లో జెనీవాలో పాకిస్తాన్ పెట్టిన కశ్మీర్ తీర్మానాన్ని ఎదుర్కోవడానికి పీవీ ప్రతిపక్ష నేత వాజ్‌పేయిని ప్రతినిధి బృందానికి నాయకుడిగా పంపారు. తీర్మానం ఓటింగ్‌కు రాకుండా వెనక్కు వెళ్లింది. కులం విషయంలో మాత్రం ఆ తలుపు మూసే ఉంది. పీవీ పదవి దిగిన 1996లోనే, కులం జాతివివక్ష ఒప్పందం కిందకు రాదని భారత్ ఐక్యరాజ్యసమితి కమిటీ ముందు వాదించింది. కమిటీ ఒప్పుకోలేదు. షెడ్యూల్డ్ కులాల, తెగల పరిస్థితి ఆ ఒప్పందం పరిధిలోకి వస్తుందని చెప్పింది.

అయిదేళ్ల తర్వాత, 2001లో, దక్షిణాఫ్రికా డర్బన్‌లో జాతివివక్ష వ్యతిరేక ప్రపంచ సదస్సు జరిగింది. దళిత సంఘాలు కులాన్ని ఎజెండాలోకి తేవడానికి అక్కడికి వెళ్లాయి. పాలస్తీనా అంశం మీద గొడవ రేగి అమెరికా, ఇజ్రాయెల్ బృందాలు సదస్సు మధ్యలోనే వెళ్లిపోయాయి. ప్రపంచ మీడియా చూపు దాని మీదే నిలిచింది. ఢిల్లీలో అప్పుడున్నది వాజ్‌పేయి ప్రభుత్వం. కులం అంతర్గత విషయమన్న పాత వాదననే అది గట్టిగా వినిపించింది. తుది పత్రంలో కులం మాట లేదు. పార్టీ మారినా ఈ విషయంలో వాదన మారలేదు.

పదవి పోయాక పీవీ చివరి ఏళ్లు కోర్టు కేసులతో, పార్టీ నిరాదరణతో గడిచాయి. 2004 డిసెంబర్ 23న ఢిల్లీలో చనిపోయారు. అంత్యక్రియలు ఢిల్లీలో కాకుండా హైదరాబాద్‌లో జరిగాయి. 2024లో భారతరత్న ప్రకటించారు. ఇప్పుడు రెండు పార్టీలవాళ్లూ ఆయనను తమవాడంటున్నారు. అందరికీ నచ్చేది 1991 పీవీ. భూపరిమితి కోసం పదవి పోగొట్టుకున్న 1972 పీవీ గురించి మాట్లాడేవాళ్లు తక్కువ.

పోలవరానికి వస్తే, ఏజెన్సీలో ఆదివాసీల భూమి ఇతరుల చేతిలోకి వెళ్లకూడదని చెప్పే 1/70 చట్టం 1970 నుంచి ఉంది. 45.72 మీటర్ల నీటిమట్టం కోసం ఖాళీ చేయాల్సిన కుటుంబాలు ప్రభుత్వ లెక్కల్లోనే లక్షకు పైన. వాటిలో కోయలు, కొండరెడ్లు, దళితులు ఎక్కువ. వీళ్ల కోసం ఏ దేశమూ తీర్మానం పెట్టదు, ఏ విదేశీ విలేకరీ రోజూ రాయడు. అందుకే పాలస్తీనా చరిత్రను మనం జాగ్రత్తగా చదవాలి. దేశాల సంఘీభావం దేశాల అవసరాలను బట్టి పెరుగుతుంది, తగ్గుతుంది. 1988లో పాలస్తీనీయులకు దొరికిన గుర్తింపు విలువైనదే. అయితే దాన్ని ఇచ్చిన వాళ్లే నాలుగేళ్లలో లెక్క మార్చారు. ఇంతిఫాదాలో వీధికి వచ్చిన ప్రజలు ఆ గుర్తింపు కోసం ఆగలేదు, లెక్క మారిందని పోరాటమూ మానలేదు.

మన ఉద్యమాలు జెనీవాకు వెళ్లాలి, డర్బన్‌కు వెళ్లాలి, విదేశీ పత్రికలకు రాయాలి. ఆ దారి మూసుకోమని మేము అనడం లేదు. కానీ ఒక నాయకుడిని అంచనా వేసేటప్పుడు పాలస్తీనా మీద ఆయన వేసిన ఓటును, చుండూరు మీద ఆయన చూపిన శ్రద్ధను, మిగులు భూమి పంచిన ఎకరాలను ఒకే కాగితం మీద పక్కపక్కన రాసుకుని చూడాలి. విద్యార్థులు ఈ పనిని పీవీతో మొదలుపెట్టి, ఆయన తర్వాత వచ్చిన ప్రతి ప్రధానికీ చేయవచ్చు.