పేరు వచ్చాక మళ్లీ గురువు చెంతకు.. పాల్ఘాట్ మణి అయ్యర్ తొలినాళ్లు

మదనపల్లె: రిషివ్యాలీ పాఠశాల పేరు చెప్పగానే జిడ్డు కృష్ణమూర్తి స్ఫురించడం సహజం. మృదంగ చక్రవర్తిగా సంగీత లోకం కొనియాడిన పాల్ఘాట్ మణి అయ్యర్ తన చివరి సంవత్సరాలలో ఇదే ప్రాంగణంలో పిల్లలకు మృదంగం నేర్పారన్న విషయానికి మాత్రం అంత ప్రచారం దక్కలేదు. అంతటి విద్వాంసుడు పసివాళ్ల ఎదుట ఓపికగా కూర్చోవడం వెనుక ఆయన స్వయంగా శిష్యుడిగా గడిపిన రోజుల కథ ఉంది.

1912లో కేరళలోని తిరువిల్వామల సమీపాన పళయన్నూరులో ఆయన జన్మించారు. అసలు పేరు రామస్వామి. తండ్రి శేషం భాగవతార్ గాయకుడు కావడంతో బాలుడి చేతికి మృదంగం అందకముందే చెవికి పాట అందింది. చాత్తపురం సుబ్బ అయ్యర్ వద్ద తొలి పాఠాలు నేర్చారు. కల్పాత్తి విశ్వనాథ అయ్యర్ వద్ద కూడా కొంతకాలం శిక్షణ పొందారు. పదేళ్లు దాటేసరికే హరికథలకు, కచేరీలకు వాయించసాగారు.

ఆ బాలుడిలోని ప్రతిభను గుర్తించి పెద్ద వేదిక ఎక్కించిన ఘనత చెంబై వైద్యనాథ భాగవతార్‌ది. వయసులో పదిహేనేళ్లకు పైగా పెద్దవాడైన ఆ గాయకుడు, పదిహేనేళ్లయినా నిండని మణిని మద్రాసులో తన పక్కన కూర్చోబెట్టుకున్నారు. నాటి మద్రాసు సభలలో పక్కవాద్యానికి అనుభవజ్ఞులనే కోరుకునేవారు. కుర్రవాడు తడబడితే గాయకుడి పరువు కూడా పోతుంది. అయినా చెంబై వెనుకాడలేదు. ఆ కచేరీలతో మణి పేరు రసికుల నోట నానింది.

ఇక్కడే అసలు విశేషం ఉంది. అవకాశాలు వెతుక్కుంటూ వస్తున్న వేళ ఆ కుర్రవాడు మళ్లీ విద్యార్థి అయ్యారు. తంజావూరు వైద్యనాథ అయ్యర్ వద్ద శిష్యరికానికి చేరారు. వేదికపై చప్పట్లు అందుకున్న చేతులు గురువు ముందు మొదటి నుంచి సరిదిద్దించుకోవడానికి సిద్ధపడడం ఆ వయసులో చిన్న సంగతి కాదు.

తంజావూరు బాణీలో నాదానికి పెద్దపీట. మృదంగానికి కుడి మూతపై నల్లని కరణి ఉంటుంది. ఎడమ మూతకు వాయించే ముందు రవ్వ ముద్ద అద్దుతారు. ఆ ఎడమ వైపు నుంచి గంభీరంగా జారే గుంకీ పాటకు బరువునిస్తుంది. పుదుక్కోట సంప్రదాయం తాళపు లెక్కలకు ప్రసిద్ధి. ఆ సంప్రదాయానికి చెందిన కంజీర విద్వాంసుడు దక్షిణామూర్తి పిళ్లై సరసన వాయిస్తూ యువ మణి అయ్యర్ ఆ లెక్కల మర్మం కూడా గ్రహించారు. అయితే లెక్క పాటను మింగకుండా చూసుకోవడమే ఆయన ప్రత్యేకత. కృతిలో సంగతి ఎక్కడ లేస్తుందో, ఎక్కడ వాలుతుందో మృదంగం కూడా అక్కడే లేచి వాలేది. ఆయన నిత్యం అనుసరించిన త్యాగరాజ కృతులలో అత్యధికం మన తెలుగు మాటలే కావడం మనకు అదనపు ఆనందం.

ఈ కీర్తిలో మరొకరికీ వాటా ఉంది. ఆయనకు మృదంగాలు సిద్ధం చేసిన తంజావూరు కళాకారుడు పర్లాండు దళిత క్రైస్తవుడు. చర్మం ఎంపిక నుంచి నాదం తేలే వరకు పర్లాండు పడిన శ్రమ చాలాకాలం ఎవరి లెక్కలోకీ రాలేదు. విద్వాంసుడికి సన్మానాలు జరిగిన వేదికలపై వాద్యం తయారుచేసిన వ్యక్తికి చోటు లేకపోయింది.

మణి అయ్యర్‌కు పట్టుదలలూ ఎక్కువే. మైకు నాదాన్ని చెడగొడుతుందని నమ్మి, అది లేని కచేరీలే కోరుకున్నారు. గాయనీమణులకు ఏళ్ల తరబడి వాయించలేదు. డి.కె.పట్టమ్మాళ్‌తో ఆ నియమం సడలింది. అప్పటికి ఆయన వాద్య జీవితంలో అధిక భాగం గడిచిపోయింది. ఆ జాప్యంలో నష్టపోయింది సంగీతమేనని చెప్పక తప్పదు.

1966లో మద్రాసు సంగీత అకాడమీ ఆయనకు సంగీత కళానిధి ప్రదానం చేసింది. మృదంగ విద్వాంసులలో ఆ గౌరవం పొందిన తొలి వ్యక్తి ఆయనే. 1971లో పద్మభూషణ్ లభించింది. పాల్ఘాట్ రఘు, ఉమయాళ్పురం శివరామన్‌లతో పాటు రాజమహేంద్రవరానికి చెందిన వి.కమలాకరరావు కూడా ఆయన శిష్యులే.

ఇన్ని గౌరవాల అనంతరం రిషివ్యాలీ కొండల నడుమకు వచ్చి, కచేరీ చేస్తారో లేదో తెలియని పిల్లలకు పాఠాలు చెప్పారు. 1981లో కన్నుమూశారు.